మూడు వారాల ఉమ్మడి ప్రాజెక్టులో మట్టి ఆరేదెప్పుడు?

ప్రశ్న: మట్టిపిడత, బెంగళూరు

నమస్కారం. నేను బెంగళూరులో ఒక కళాశాలలో సిరామిక్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను, మాది కడప. పోయిన నెలలో ముగిసిన ఒక ఉమ్మడి ప్రాజెక్టు గురించి మీ సలహా అడగాలని రాస్తున్నాను. కోపం తగ్గాక రాస్తే మంచిదని ఇన్నాళ్లు ఆగాను, కాని అది పూర్తిగా తగ్గలేదని చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

వేర్వేరు కోర్సుల వాళ్లను నలుగురేసి జట్లుగా కూర్చి, మూడు వారాల్లో ప్రదర్శనకు పెట్టదగిన పని ఒకటి చేయమన్నారు. మా జట్టులో ఇంటరాక్షన్ డిజైన్ (మనిషి తాకిడికీ కదలికకూ స్పందించే పరికరాల రూపకల్పన) విద్యార్థులు ఇద్దరు, యానిమేషన్ చదివే అబ్బాయి ఒకడు, నేను. మేము ఎంచుకున్న విషయం బెంగళూరులో కనుమరుగైన చెరువులు. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉంది, సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం ఉంది. ఒక్కో చెరువుకు ఒక్కో కుండ చొప్పున ఏడు కుండలు చేసి, కుండ మూతి దగ్గరకు చెయ్యి తెస్తే ఇప్పుడు ఆ చోట వినిపించే చప్పుడు లోపలి నుంచి వచ్చేలా అమర్చాలనుకున్నాము. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ ఇష్టమే, బాధంతా అందుకే.

మొదటి ఎనిమిది రోజులు చర్చలతోనే గడిచాయి. గోడకు రంగురంగుల చీటీలు అంటించాము, పీకాము, మళ్లీ అంటించాము. తొమ్మిదో రోజు సాయంత్రానికి గాని కుండల ఆకారం ఖాయం కాలేదు. మిగిలినవి పన్నెండు రోజులు. చక్రం మీద కుండలు తీసి అడుగులు చెక్కడానికి రెండు రోజులు చాలు, కాని ఆ తర్వాత అవి ఆరాలి. అక్టోబరు వానల్లో, మా స్టూడియో తేమలో, ఆ మందం కుండ సమంగా ఆరడానికి వారం పైనే పడుతుంది. ఆపైన సుమారు 1000 డిగ్రీల దగ్గర మొదటి కాల్పు, కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) చల్లారడానికి ఒక రోజు, గ్లేజ్ అనే గాజులాంటి పూత, రెండో కాల్పు, మళ్లీ చల్లారడం. ఈ లెక్క చెప్పినప్పుడు జట్టులో ఒకరు "హెయిర్ డ్రయ్యర్ పెడితే సరిపోదా?" అని అడిగారు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు. పైపొర ముందు ఆరి లోపొర తడిగా ఉండిపోతే కుండ బీటలు వారుతుందనీ, లోపల మిగిలిన నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరై గోడను పగలగొడుతుందనీ చెప్పాను. అందరూ విన్నారు, గడువు మాత్రం కదలలేదు. సరిగా ఆరని కుండలనే కిల్న్‌లో పెట్టాను, ఏడింటిలో రెండు పగిలాయి. వాటి పెంకులు తగిలి పక్కనే ఉన్న ఒక జూనియర్ అమ్మాయి కప్పులు కూడా పాడయ్యాయి. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నది నేనొక్కదాన్నే.

స్పీకర్ల సంగతి వేరే కథ. వాళ్లు మొదట 50 మిల్లీమీటర్ల స్పీకరు అన్నారు. మా మట్టి ఆరి, కాలి, మొత్తం మీద 12 శాతం దాకా కుంచించుకుపోతుంది కాబట్టి పచ్చి కుండలో 57 మిల్లీమీటర్ల రంధ్రం చేశాను. కాలాక లెక్క సరిగ్గానే వచ్చింది. ఈలోగా ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్.పి. రోడ్డులో ఆ కొలత దొరకలేదని ఇంకొంచెం పెద్ద స్పీకర్లు కొన్నారు, ఆ మాట కుండలు కిల్న్ నుంచి బయటికి వచ్చాక నాకు తెలిసింది. కాలిన కుండను అరగదీయబోతే మూడోది కూడా చిట్లింది.

చివరికి జ్యూరీలో, అంటే అధ్యాపకులు పని చూసి అంచనా వేసే రోజున, నాలుగు కుండలు నిలబెట్టాము. ప్రదర్శన చీటీలో మిగతా ముగ్గురి పేర్లు "ఆలోచన, రూపకల్పన" కింద వచ్చాయి, నా పేరు చివరన "తయారీ" కింద వచ్చింది. నా కుండలను వివరిస్తూ వాళ్లు వాడిన మాట "ఎన్‌క్లోజర్", అంటే పరికరాన్ని దాచే డబ్బా. మా అమ్మమ్మ చూసి ఉంటే అవి కుండలని గుర్తుపట్టేది.

తప్పు నా వైపూ ఉంది. ఆ ఎనిమిది రోజుల్లో నేను నోరు విప్పి ఈ లెక్క చెప్పలేదు, కొత్తవాళ్ల మధ్య మొదటి రోజే అడ్డుపుల్ల వేసినట్లుంటుందని వెనకాడాను. జనవరిలో మళ్లీ ఇలాంటిదే, ఈసారి గ్రాఫిక్ డిజైన్, టెక్స్‌టైల్ వాళ్లతో. సణుగుడు మనిషినన్న పేరు రాకుండా ఈ సంగతి ముందే ఎలా చెప్పాలి? పేరు విషయం ఇప్పుడు తిరగదోడడం మర్యాదేనా?

జవాబు: పాత సర్క్యూట్

నేను అవతలి ఒడ్డు మనిషిని, ఇంటరాక్షన్ డిజైన్ చదివి నాలుగేళ్లయింది. మీ జట్టును వెనకేసుకు రావడానికి కాదు గాని, వాళ్లకు ఇది ఎందుకు అర్థం కాలేదో చెప్పగలను. మా పనిలో నిర్ణయాన్ని ఎంత ఆలస్యంగా తీసుకుంటే అంత తెలివి అని నేర్పుతారు. కోడ్‌ను జ్యూరీ రోజు తెల్లవారుజామున కూడా మార్చవచ్చు, ప్లాస్టిక్ భాగం కొలత తప్పితే రాత్రికి రాత్రి త్రీడీ ప్రింటర్ మీద ఇంకొకటి తీసుకోవచ్చు. మీకు నిర్ణయం ముందు, ఎదురుచూపు తర్వాత. మాకు ఆ వరుస తలకిందులుగా ఉంటుంది. "సమయం చాలదు" అన్న మాట మాకు రోజూ వినిపించేదే కాబట్టి చెవికెక్కదు. "గురువారం తర్వాత ఈ రంధ్రం కొలత బ్రహ్మ వచ్చినా మారదు" అంటే ఎక్కుతుంది.

కాబట్టి మొదటి సమావేశానికి జ్యూరీ తేదీ నుంచి వెనక్కి లెక్కించిన కాగితం ఒకటి పట్టుకెళ్లండి. ఏ నిర్ణయం ఏ రోజుకు గడ్డకడుతుందో అందులో రాసి ఉండాలి. మీ మట్టితోనే చేసిన ఒకే కొలత బిళ్లలు మూడు, పచ్చిది, ఎండినది, కాలినది, పక్కపక్కన బల్ల మీద పెట్టండి. ఆ 12 శాతాన్ని కళ్లతో చూసినవాడు మీకు చెప్పకుండా స్పీకరు మార్చడు. ఇంకొక ఉపాయం: బెంగళూరు కుమ్మరుల పేట పాటరీ టౌన్‌లో దొరికే మామూలు ఎర్రమట్టి కుండలు నాలుగు మొదటి రోజే కొని వాళ్ల చేతికివ్వండి. సెన్సరు, తీగలు, చప్పుడు అన్నీ వాటి మీద పరీక్షించుకుంటారు, మీ కుండలు ప్రశాంతంగా ఆరుతాయి.

"ఎన్‌క్లోజర్" అన్నందుకు మా జాతి తరఫున సిగ్గుపడుతున్నాను. మాకు తెలిసిన మాట అదొక్కటే, అంతకు మించి దురుద్దేశం ఉండకపోవచ్చు.

జవాబు: నల్లబల్ల

చాలాకాలం డిజైన్ కళాశాలల్లో పాఠాలు చెప్పి ఇటీవలే మానుకున్నాను. పై మిత్రుడి కాగితం మంచిదే గాని, ఒక విద్యార్థిని మోసుకొచ్చే కాగితానికి అంత బలం ఉంటుందని నేను నమ్మను. ఆ తేదీలు ప్రాజెక్టు వివరాల పత్రంలోనే, అధ్యాపకుల సంతకంతో ఉండాలి.

మూడు వారాలే ఎందుకంటే, నాలుగు శాఖల టైంటేబుళ్లలో ఒకేసారి ఖాళీ దొరికేది అంతే. అందులో బోధనా సిద్ధాంతమేమీ లేదు. ఆ ఖాళీ దొరికాక దానికి "వేగంగా ఆలోచించడం నేర్పుతాము" అని ఒక పేరు పెడతాము. నేనూ పెట్టాను. కిల్న్ ఏ రోజు నిండుతుందో, ఏ రోజు తెరుచుకుంటుందో ఆ బల్ల దగ్గర కూర్చున్న మాలో ఎవరమూ అడగలేదు, ఎందుకంటే కిల్న్ చూసుకునే మనిషిని ఆ సమావేశానికి పిలవలేదు. మీరు జనవరికి ముందే చేయవలసిన పని ఇది: మీ శాఖాధిపతిని కలిసి, "మా కాల్పు తేదీలు ఇవి, ఇది తప్పితే తర్వాతిది ఇన్ని రోజులకు" అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఫిర్యాదులా కాకుండా సమాచారంలా ఇవ్వండి. మాబోటి వాళ్లు ఫిర్యాదును కమిటీకి పంపుతారు, తేదీలనైతే టైంటేబులులో రాసుకుంటారు.

1966 అక్టోబరులో న్యూయార్క్‌లో ఇంజనీరు బిల్లీ క్లూవర్, చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ పూనుకొని, 10 మంది కళాకారులను సుమారు 30 మంది ఇంజనీర్లతో జతపరచి తొమ్మిది రాత్రుల ప్రదర్శనలు జరిపించారు. దాదాపు పది నెలల సన్నాహం తర్వాత కూడా, ఆరితేరిన ఇంజనీర్లు ఉండి కూడా, సాంకేతిక ఇబ్బందులు వాళ్లను వదలలేదు. మేము ఆ కథను తరగతిలో ఉత్సాహంగా చెప్పి, పది నెలల సంగతి దాటేసి, మీకు మూడు వారాలు ఇస్తాము.

పేరు గురించి: అడగండి, అది మర్యాద తప్పడం కాదు. ఒకరి పాలును మరొకరి పాలు నుంచి విడదీయలేని విధంగా కలిసి చేసిన పనిని మన 1957 కాపీరైటు చట్టం ఉమ్మడి కర్తృత్వం అంటుంది. కర్తగా చెప్పుకొనే హక్కు 57వ సెక్షనులో ఉంది. తోటి విద్యార్థుల మీద చట్టం ప్రయోగించమని నా ఉద్దేశం కాదు. నలుగురి పోర్ట్‌ఫోలియోల్లోనూ ఒకే పేర్ల వరుస, ఒకే వాక్యం ఉండాలని ఒక మెయిలు రాస్తే చాలు. మార్కులు వచ్చేశాక మనుషులు కొంత ఉదారంగా ఉంటారు, ఇప్పుడే రాయండి.

జవాబు: కరక్కాయ

టెక్స్‌టైల్ విద్యార్థిని, శ్రీకాళహస్తి పక్క పల్లె. జనవరిలో మీ జట్టులో మాలాంటి వాళ్లు ఉంటారు కాబట్టి మా సంగతీ వినండి. కలంకారీకి గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి, లేకపోతే గీత పాకుతుంది. నల్లరంగు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియనివ్వాలి. ఇవేవీ ప్రాజెక్టు మొదలయ్యాక మొదలుపెట్టే పనులు కావు. నేను సెమిస్టరు పొడవునా సిద్ధం చేసిన గుడ్డ నాలుగైదు గజాలు, పులిసిన రంగు ఒక కుండెడు ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాను. మా నాయనమ్మ ఆవకాయ జాడీని చూసుకున్నట్లు చూసుకుంటాను. మీరూ మొదటి కాల్పు అయిన కుండలు కొన్ని నిల్వ పెట్టుకోండి. అన్యాయమే, తెలుసు. వాళ్లకు మూడు వారాల పని, మనకు మూడు నెలల పని. అయినా కుండలు పగలడం కంటే నయం.

జవాబు: ఆరుబయట శిల్పి

నిల్వ పెట్టుకోవాలన్న మాటతో నేను ఏకీభవించను, అలా చేస్తే మీ శ్రమ ఇంకా కనబడకుండా పోతుంది. నా అభిప్రాయం వేరు. మీ కుండలను అసలు కాల్చవలసిన అవసరమేమిటి? విషయం మాయమైన చెరువులు కదా. కాల్చని కుండలో నీళ్లు పోస్తే అది కాసేపటికి మెత్తబడి, కుంగి, బురదగా మారుతుంది. ప్రదర్శన జరిగినంతసేపూ జనం కళ్లముందే ఒక్కో చెరువు కరిగిపోయేది. మూడు వారాల గడువు మట్టికి చాలదన్నది నిజమే గాని, ఆ గడువులో మట్టి ఏం చేయగలదో జట్టులో తెలిసినది మీరొక్కరే. ఆ ఎనిమిది రోజుల చర్చలో చెప్పవలసినది ఆరే రోజుల లెక్క కన్నా ముందు ఇది. కటువుగా ఉంటే మన్నించండి.

మట్టిపిడత

అందరికీ కృతజ్ఞతలు. కాల్పు తేదీల పట్టిక రాసి మా శాఖాధిపతికి ఇచ్చాను, తీసుకున్నారు. మెయిలు కూడా పంపాను. ముగ్గురిలో ఇద్దరు వెంటనే ఒప్పుకున్నారు, మూడో మనిషి ఇంకా చూడలేదనుకుంటాను.

శిల్పి గారి మాట మాత్రం రెండు రోజులు నిద్రపట్టనివ్వలేదు. కాల్చని మట్టి నీళ్లలో ఏమవుతుందో మొదటి సంవత్సరం నుంచి నాకు తెలుసు, పాడైన కుండలన్నీ అలాగే బకెట్టులో వేసి తిరిగి మట్టి చేసుకుంటాము కదా. తెలిసి కూడా అది పనికొచ్చే విషయమని తోచలేదు. కాల్చిన కుండ చూపిస్తేనే సిరామిక్స్ చేసినట్లు అనుకున్నాను. నిన్న రాత్రి కాల్చని పిడతలు రెండింటిలో నీళ్లు పోసి చూశాను. సగం ఆరినది తెల్లవారినా దాదాపు అలాగే నిలబడి ఉంది. పూర్తిగా ఎండినదే బుడగలు వదులుతూ ముందు అంచు, తర్వాత పొట్ట రాలి కూలిపోయింది. అంటే ఈ పనికీ కుండ పూర్తిగా ఆరాలి, ఆ వారం రోజులు ఇక్కడా తప్పవు. ఫోనులో తీసిన వీడియోను యానిమేషన్ అబ్బాయికి పంపాను. మాట్లాడి నెల దాటింది, అయినా వెంటనే జవాబు వచ్చింది: ఇంకొకటి కూలేటప్పుడు ట్రైపాడ్ తెస్తానని, అప్పటిదాకా నీళ్లు పోయవద్దని.