లిక్విడ్ సింటిలేటర్‌లో బ్రాగ్ పీక్ ఎందుకు తగ్గి కనిపిస్తోంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం యాక్రిలిక్ ట్యాంకులో లిక్విడ్ సింటిలేటర్ (రేడియేషన్ తగిలితే వెలిగే ద్రవం) నింపి, అందులోకి ప్రోటాన్ బీమ్ పంపి, పక్కనుంచి కెమెరాతో ఫొటోలు తీస్తున్నాను. మొదటి ఫొటో చూసిన రోజు మర్చిపోలేను. బీమ్ వెళ్లిన దారంతా నీలంగా వెలిగి, చివర్లో ఇంకాస్త మెరిసి (అదే బ్రాగ్ పీక్, ప్రోటాన్లు ఆగబోయే ముందు ఎక్కువ శక్తి వదిలే చోటు), ఠక్కున ఆగిపోయింది. నీళ్ల ట్యాంకులో అయాన్ ఛాంబర్‌ని (డోసు, అంటే పదార్థంలో రేడియేషన్ వదిలిన శక్తి, కొలిచే పరికరం) ఒక్కో మిల్లీమీటరూ జరుపుతూ కొలిచేదంతా ఒక్క ఫొటోలో వచ్చేసింది.

కానీ లెక్క కుదరడం లేదు. ద్రవం సాంద్రతకు తగ్గట్టు మార్చాక, బీమ్ ఆగిన లోతు ఛాంబర్ కొలతతో సరిపోయింది. పీక్ ఎత్తే చాలా తక్కువ. బీమ్ లోపలికి వెళ్లేచోట రెండింటినీ 1గా తీసుకుంటే ఛాంబర్‌లో పీక్ దాదాపు 4 ఉంది, నా కాంతిలో 2.5 కూడా లేదు. ద్రవం పాడైందా? రెండు వారాల్లో గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఇంకో సందేహం: ఒక్క ఫొటో నుంచి మూడు కొలతల డోసు ఎలా తీస్తారు?

జవాబు 1:
కంగారు పడకండి, ద్రవం బాగానే ఉంది. మీరు చూసింది క్వెంచింగ్. ప్రోటాన్ ఆగబోయే ముందు చాలా తక్కువ దూరంలో చాలా శక్తిని వదిలేస్తుంది. అక్కడ ఉత్తేజితమైన అణువులు, అయాన్లు మరీ కిక్కిరిసి ఉండటంతో శక్తిలో కొంత కాంతిగా మారకుండానే పోతుంది. అందుకే డోసు ఎక్కువున్న చోటే కాంతి వెనకబడుతుంది. వదిలిన శక్తికి ఎంత కాంతి వస్తుందో చెప్పే, 1951లో భౌతిక శాస్త్రవేత్త బిర్క్స్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ దీనికి వాడతాం. ఒక్కో లోతు దగ్గర ఎల్ఈటీ (ప్రోటాన్ ఒక్కో చిన్న దూరంలో వదిలే శక్తి) ఎంతో మాంటె కార్లో సిమ్యులేషన్‌తో (ఒక్కో కణం దారినీ కంప్యూటర్‌లో యాదృచ్ఛికంగా అనుకరించే పద్ధతి) తీసి, దాన్నిబట్టి కాంతిని సరిదిద్దాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఆ సూత్రంలోని బిర్క్స్ స్థిరాంకాన్ని ఒక బీమ్ శక్తి దగ్గర నిర్ణయించి, వేరే శక్తుల దగ్గర పరీక్షించండి. ఏ గ్రాఫు నుంచి తీశారో అదే గ్రాఫును సరిదిద్ది చూపిస్తే అది బాగా కుదరక ఏం చేస్తుంది? నేను మొదట చేసిన తప్పు అదే, ఆరు నెలలు పోయాయి.

చెరెన్‌కోవ్ కాంతి (ద్రవంలో కాంతి వేగాన్ని మించి కణాలు వెళ్తే పుట్టే కాంతి) గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. చికిత్సకు వాడే ప్రోటాన్ల శక్తి సుమారు 250 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్టులు) దాటదు, ఆ వేగానికి అవి స్వయంగా చెరెన్‌కోవ్ కాంతిని పుట్టించలేవు. ఎక్స్‌రే, ఎలక్ట్రాన్ బీమ్‌లకైతే తప్పక చూసుకోవాలి.

జవాబు 2:
కెమెరా సంగతి నేను చెబుతాను. ఒక ఫొటోలో ప్రతి పిక్సెల్ తన చూపు గీత పొడవునా ఉన్న కాంతి మొత్తాన్ని కలిపేసుకుంటుంది. కాబట్టి లంబంగా ఇంకో కెమెరా కావాలి, మూడు ఉంటే ఇంకా నయం. సన్నని బీమ్‌తో స్కాన్ చేస్తుంటే ఒక్కో స్పాట్‌నీ విడిగా ఫొటో తీయండి, పని చాలా సులువవుతుంది. ద్రవంలో కాంతి వంగడం, కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దగా కనబడటం ముందే సరిచేయాలి. ట్యాంకు లోపలి గోడలు నల్లగా లేకపోతే ప్రతిబింబాలు కూడా డోసులా కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మా ట్యాంకు వెనక గోడ పారదర్శకంగానే ఉంది, రేపు నల్లరంగు వేయిస్తాను. ఫొటోల్లో అక్కడక్కడా తెల్లచుక్కలు కూడా వస్తున్నాయి, అవేంటి?

జవాబు 2:
చెదిరిన న్యూట్రాన్లు, గామా కిరణాలు సెన్సర్‌ని తాకిన గుర్తులు. అదే బీమ్‌ని ఐదారుసార్లు ఫొటో తీసి ప్రతి పిక్సెల్‌కీ మీడియన్ (వరుసలో పెడితే మధ్యలో వచ్చే విలువ) తీసుకోండి, పోతాయి. అద్దం పెట్టి కెమెరాని బీమ్‌కి దూరంగా జరిపితే అసలే తగ్గుతాయి.