ఏడేళ్ళ నడుము నొప్పికి ఇప్పుడు పేరు తెలిసింది. ఇకపై ఎలా మెలగాలి?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, సిద్ధిపేట జిల్లా):

అందరికీ నమస్కారం. నా వయస్సు 31 సంవత్సరాలు. 24వ ఏట మొదలైన నడుము నొప్పిని ఏడేళ్ళపాటు డిస్కు జారడమనీ, సయాటికా అనీ చెబుతూ వచ్చారు. విశ్రాంతి తీసుకోవాలన్నారు కాబట్టి వేసవి సెలవులన్నీ మంచం మీదే గడిపాను. లేచేసరికి నొప్పి రెట్టింపయ్యేది తప్ప తగ్గేది కాదు. ఆరు నెలల క్రితం ఒక రుమటాలజిస్టు (కీళ్ళ జబ్బుల వైద్యులు) ఎమ్మారై తీయించి, వెన్ను అడుగు భాగం కటి ఎముకతో కలిసే కీళ్ళలో వాపు ఉందని చూపించి, ఇది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్ళు వాచి క్రమంగా బిగుసుకుపోయే జబ్బు అని తేల్చారు.

రాత్రి మూడు దాటాక మెలకువ వచ్చేస్తుంది. పక్కకు ఒత్తిగిల్లాలన్నా మంచం పట్టె పట్టుకోవాలి. లేచిన గంట వరకు స్నానానికి నీళ్ళ బకెట్ ఎత్తలేను. అదే బడికి వెళ్ళి, పాఠం చెబుతూ వరుసల మధ్య తిరుగుతుంటే ఒళ్ళు తేలికవుతుంది. పరీక్ష పేపర్లు దిద్దుతూ రెండు గంటలు కూర్చుంటే మళ్ళీ బిగుసుకుపోతుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము తన్నిస్తే పట్టు వదులుతుందని మా మేనమామ పట్టుబడుతున్నారు. ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు. ఈ జబ్బు సంగతి వారికి ముందే చెప్పాలా? పెళ్ళి పీటల మీద అంతసేపు కూర్చోగలనా అన్నది కూడా నన్ను నిజంగా బాధిస్తున్న ప్రశ్నే.

జవాబు 1 (గృహిణి, రాజమహేంద్రవరం):

నాకు 48 ఏళ్ళు. ఈ జబ్బుతో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. ఇది మగవారికే వస్తుందన్న అభిప్రాయం వల్ల నా నొప్పిని కాన్పు తర్వాత వచ్చే నడుము నొప్పిగానే చాలాకాలం చూశారు. బరువులెత్తడం వల్ల వచ్చే నొప్పి పడుకుంటే తగ్గుతుంది, ఇది పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. ఆ ఒక్క తేడాను ఎవరైనా ముందే అడిగి ఉంటే మీ ఏడేళ్ళూ, నా తొమ్మిదేళ్ళూ మిగిలేవి.

నా రోజును ఉదయపు బిగువును బట్టి అమర్చుకున్నాను. లేవకముందే మంచం మీద మోకాళ్ళు మడిచి నడుమును అటూ ఇటూ వాల్చుతాను. తర్వాత వేడినీళ్ళ స్నానం, అది అయ్యాకే అసలు వ్యాయామం. వంగి ముగ్గు వేయడం ఎనిమిది గంటల తర్వాతే. ఇంటికి చుట్టాలు వచ్చినా, పండుగైనా ఈ క్రమాన్ని మార్చను; మొదట్లో మా అత్తగారు నొచ్చుకున్నారు గానీ, తర్వాత తానే నీళ్ళు కాచి పెట్టేవారు. రోజూ పావుగంట బోర్లా పడుకోండి, తలకింద పలుచని దిండు చాలు. పేపర్లు దిద్దేటప్పుడు అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. పొగ తాగే అలవాటుంటే మానేయండి. వెన్ను గట్టిపడటాన్ని అది తొందర చేస్తుంది.

ఇంకొక మాట తప్పక గుర్తుంచుకోండి. ఒక కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే కళ్ళకలక అనుకుని మందుల దుకాణంలో చుక్కలు కొనవద్దు. ఈ జబ్బున్నవారిలో నలుగురిలో ఒకరికైనా కంటి లోపల వాపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అదే రోజు కంటి వైద్యుని వద్దకు వెళ్ళి, మీ జబ్బు పేరు చెప్పండి.

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్):

మీ మేనమామగారి సూచనను దయచేసి గౌరవంగానే గానీ గట్టిగా కాదనండి. ఈ జబ్బు ముదిరేకొద్దీ వెన్నుపూసల మధ్య ఎముక పెరిగి అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా బిగిసిన వెన్ను వెదురుగడలా గట్టిపడి వంగదు, చిన్న దెబ్బకే విరగవచ్చు. తన్నించడం, తొక్కించడం, మెడ విరిపించడం ఏవీ వద్దు.

మందుల విషయం మీ వైద్యులదే అయినా ఒక్కటి చెబుతాను. వాపు తగ్గించే మాత్రలతో సరిపోనివారికి బయోలాజిక్ ఇంజెక్షన్లు (జీవకణాల నుంచి తయారయ్యే మందులు) ఇస్తారు. వాటిలో ఒకటైన అడాలిముమాబ్‌కు మన దేశంలోనే తయారైన రకం 2014లో వచ్చాక ఖర్చు కొంత దిగింది. వాటికి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఏ మందు వాడినా వ్యాయామం ఆపకూడదు. నెలకొకసారి మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడి, గడ్డం ఎత్తకుండా తల వెనుక భాగం గోడకు తగులుతుందో లేదో చూసుకోండి. తగలకపోతే ఎడమెంతో కొలిచి రాసిపెట్టండి. ముందుకు వంగిపోవడం మొదలైతే అద్దం కన్నా ముందు అదే చెబుతుంది.

జవాబు 3 (ఖమ్మం):

మావారికి ఈ జబ్బు ఉంది. పెళ్ళిచూపుల తర్వాత రెండోసారి మాట్లాడుకున్నప్పుడు ఆయనే మందుల చీటీతో సహా చూపించారు. మా నాన్నగారు వైద్యుణ్ణి అడిగితే, ఈ జబ్బుతో ముడిపడిన బి27 అనే జన్యువు ఉన్నవారిలో చాలామందికి ఈ జబ్బు రానే రాదని, పిల్లలకు తప్పక వస్తుందనుకోవడం పొరపాటని వివరించారు. మీరు కూడా ముందే చెప్పండి. దాచి పెళ్ళి చేసుకుంటే మొదటి తెల్లవారుజామునే ఆ అమ్మాయికి తెలుస్తుంది, అప్పుడు బాధపెట్టేది జబ్బు కాదు. పీటల సంగతికి వస్తే, పురోహితులతో ముందుగా మాట్లాడి ఎత్తుపీట వేయించాము. మధ్యలో రెండుసార్లు లేచి నిలబడ్డారు, ఎవరూ తప్పు పట్టలేదు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మామయ్యకు ఫోనులో ఎక్స్‌రే చూపించి, ఫిజియోథెరపిస్టు గారి మాటలు చదివి వినిపించాను. ఇక ఆ ప్రస్తావన తేనన్నారు. ఈ ఉదయం గోడకు ఆనుకుని నిలబడితే తల వెనుక రెండు వేళ్ళ ఎడం మిగిలింది. తేదీ వేసి రాసుకున్నాను.