సముద్రం దగ్గర నిలిచిన అంబాసిడర్: దాగిన తుప్పును కొనే ముందే ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న (పెద వాల్తేరు, విశాఖపట్నం):
నమస్కారమండి. లాసన్స్ బే కాలనీలో 2003 మోడల్ అంబాసిడర్, 2.0 లీటర్ల ఇసుజు డీజిల్ బండి, అమ్మకానికి వచ్చింది. ఇంజన్ మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. అయితే ఇన్నేళ్లు ఉప్పుగాలిలో ఆరుబయట నిలిచిన బండి కావడం, పైగా అడుగు భాగమంతా ఈ మధ్యనే నల్లరంగు కొట్టించి ఉండడం వల్ల ధైర్యం చాలడం లేదు. మా నాన్నగారు నడిపినది కూడా అంబాసిడరే కనుక మనసు అటే లాగుతోంది. ఎక్కడెక్కడ చూడమంటారు?

జవాబు (గాజువాక ఆటోనగర్, టింకరింగ్ పని):
అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్లు విడిగా చాసిస్ ఉండదండి, బాడీయే బరువు మోస్తుంది. అందువల్ల తలుపు తుప్పు పడితే మరో తలుపు వేసుకోవచ్చు గాని, తలుపుల కింద పొడవునా ఉండే సిల్, ఫ్లోర్, వెనక కమాను పట్టీలు (కుదుపులు ఆపే స్ప్రింగు పట్టీలు) బిగించే చోట్లు తుప్పు తినేస్తే బండి బలమే పోయినట్లు. మ్యాట్లు పూర్తిగా ఎత్తించండి. మొన్న ఒక బండికి డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ తీస్తే కింది పొర పిండితే నీళ్లు కారేంత తడిగా ఉంది, దాని కింద రేకు అప్పడంలా వేలికే విరిగింది. పైనుంచి చూస్తే కొత్త బండే! తరువాత ర్యాంపు ఎక్కించి స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. తుప్పు గీకకుండా పైన నల్లరంగు కొడితే తడి లోపలే చిక్కుకొని ఇంకా వేగంగా తింటుంది కనుక ఆ రంగును నేనైతే నమ్మను.

జవాబు (ఎంవీపీ కాలనీ):
వారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతున్నాను. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి చక్రాల పైవంపుల మీద, టాప్ మీద జరపండి. సొట్టలు పూడ్చే లప్పం మందంగా ఉన్నచోట అది పట్టదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్లో ఎన్నో బండ్ల మీద చెట్లు పడ్డాయి కనుక ఆ రోజు బండి ఎక్కడుందో తప్పక అడగండి. స్టెప్నీ తీసి అది ఉండే చోటు కూడా చూడండి. 15 ఏళ్లు దాటిన బండి కనుక ఆర్‌సీ రెన్యువల్ ఎప్పటివరకు ఉందో చూసుకోండి, కాని ఫిట్‌నెస్ వచ్చిందంటే తుప్పు లేదని అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం ర్యాంపు ఎక్కించాము. ఫ్లోర్ బాగుంది, కాని ఎడమవైపు కమాను పట్టీ ముందు కొస బిగించే చోట నల్లరంగు గీకితే కింద అరచేయంత రేకు ముక్క వెల్డింగ్ చేసి కనిపించింది, దాని అంచు మళ్లీ పొరలుగా లేస్తోంది.

జవాబు (గాజువాక ఆటోనగర్):
అది పైన అతుకు వేస్తే సరిపోయే చోటు కాదండి. తిన్న రేకునంతా కోసి కొత్తది వేయాలి. ఆ ఖర్చు ఎంతవుతుందో రాయించుకొని ధరలో తగ్గించమనండి; వారు ఒప్పుకోకపోతే బండి వదిలేయండి.