738 మీద హైదరాబాద్ పెడితే 720 మీది చెన్నై వినబడుతోంది: వాల్వు రేడియో సెట్టులో విడదీయడం ఎలా?

కావలి సభ్యుడు:
అయ్యా, 6ఎస్‌జె7 వాల్వు (వాక్యూమ్ ట్యూబు) ఒక్కదానితో రీజనరేటివ్ రేడియో (వాల్వు పెంచిన సంకేతంలో కొంత మళ్లీ కాయిల్‌కే తిప్పి పంపి బలం పెంచే సెట్టు) కట్టుకున్నాను. రెండంగుళాల పీవీసీ గొట్టం మీద ఎనామెల్ తీగ 80 చుట్లు చుట్టి, పాత సెట్టులోని గ్యాంగ్ కండెన్సరు (రేకులు తిప్పి కేంద్రాన్ని ఎంచుకునే భాగం) జతచేసి, మేడ మీది అరవై అడుగుల ఏరియల్‌ను నేరుగా కాయిల్ పైకొసకే కలిపాను. రాత్రిపూట 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ పెడితే, 720 మీది చెన్నై దాని నెత్తినెక్కి కూర్చుంటోంది. రియాక్షన్ (అలా తిప్పి పంపే పాలు) పెంచితే సెట్టు దభాలున ఈల అందుకుంటోంది తప్ప కేంద్రాలు విడిపోవడం లేదు. సూపర్‌హెట్ (కేంద్రాలను బాగా విడదీసే, ఎక్కువ భాగాల సెట్టు) కట్టే ఓపిక లేదు. ఉన్నదాన్నే బాగుచేసుకునే దారి చెప్పగలరు.

ఒంగోలు సభ్యుడు:
తప్పు వాల్వుది కాదు, ఏరియల్‌ది. అంత పొడవైన తీగను కాయిల్ కొసకే కలిపితే ఏరియల్, ఎర్తుల నిరోధం కాయిల్ మీద పడి, దాని క్యూ విలువ (కాయిల్ ఒక్క ఫ్రీక్వెన్సీని ఎంత పదునుగా ఎంచుకోగలదో చెప్పే అంకె) కూలిపోతుంది. ఫ్రీక్వెన్సీని క్యూతో భాగిస్తే ట్యూనింగ్ వెడల్పు (ఒకేసారి లోపలికి వచ్చే ఫ్రీక్వెన్సీల మేర) వస్తుంది కనుక, క్యూ 20 ఉన్నప్పుడు 738 వద్ద వెడల్పు సుమారు 37 కిలోహెర్ట్జ్. మీ రెండు కేంద్రాల నడుమ ఎడమేమో 18 మాత్రమే. క్యూ 80కి చేరితే వెడల్పు 9కి దిగుతుంది. ఏరియల్‌కూ కాయిల్‌కూ మధ్య 30 పికోఫారడ్ల ట్రిమ్మరు (చిన్న సర్దుబాటు కండెన్సరు) పెట్టి, శబ్దం తగ్గినా సరే, ఆ జోడింపును వీలైనంత వదులు చేయండి. పోయిన బలాన్ని రియాక్షన్ తిరిగి ఇస్తుంది. టిక్లర్ (రియాక్షన్ ఇచ్చే చిన్న కాయిల్) చుట్లు రెండు మూడు తగ్గించి, ఈల మొదలయ్యే అంచుకు కాస్త ఇవతలే ఆపండి. ఈల వేసే సెట్టు ఏరియల్ ద్వారా పక్కింటి రేడియోలోనూ కూస్తుందని మరవకండి. హెచ్‌టీ (వాల్వుకిచ్చే ఎక్కువ వోల్టేజి) ఆపి, ఫిల్టరు కండెన్సర్లను డిశ్చార్జి చేశాకే లోపల చేయి పెట్టండి.

మార్కాపురం సభ్యుడు:
ఫ్రేమ్ ఏరియల్ (చట్రం మీద చుట్టిన, దిశను బట్టి పట్టే ఏరియల్) తిప్పి చెన్నైని మూయించవచ్చునని ఎవరైనా సలహా ఇస్తారు. నేను చేసి భంగపడ్డాను. మన వైపు నుంచి చూస్తే చెన్నై దక్షిణం వైపు, హైదరాబాద్ వాయవ్యానికీ ఉత్తరానికీ నడుమ ఉండి, రెండూ ఇంచుమించు ఒకే గీత మీదికి వస్తాయి కాబట్టి, ఒకదానికి చెవి మూస్తే రెండోదానికీ మూసుకుంటుంది. ట్రిమ్మరుతో పని తీరకపోతే ఏరియల్ దారిలో 720కి ట్యూన్ చేసిన వేవ్ ట్రాప్ (ఒక ఫ్రీక్వెన్సీని అడ్డుకునే కాయిల్, కండెన్సరు జత) పెట్టవచ్చు గానీ, ఎడం తక్కువ గనుక అది హైదరాబాద్‌ను కూడా కొంత మింగుతుంది.

కావలి సభ్యుడు:
ట్రిమ్మరు పెట్టాను. ఏరియల్ కెపాసిటెన్సు తగ్గినందువల్ల కాబోలు, హైదరాబాద్ పాత చోట దొరకలేదు; గ్యాంగ్ రేకులు మరికాస్త లోపలికి దూరాక పట్టింది. చెన్నై ఇప్పుడు వెనకెక్కడో గొణుగుతోంది. వేవ్ ట్రాప్ జోలికి పోవడం లేదు.