పాత కాటన్ కుర్తీకి నరసాపురం లేసు: మెడ దగ్గర ముడత రాకుండా ఎలా కుట్టాలండి?

కోనసీమ ఉక్కలో కాటన్ తప్ప ఒంటికి ఏదీ హాయిగా ఉండదు. అందుకే వదులైపోయిన మూడు సాదా కుర్తీలను సరిచేస్తున్నాను. పక్కలు చెరో ముప్పావు అంగుళం పట్టాను, చంక కింద రెండంగుళాలు వదిలి, అక్కడి నుంచి నడుము దాకా ఏటవాలుగా. చంకలోంచే పడితే చెయ్యెత్తినప్పుడల్లా కుర్తీ పైకి లాగేస్తుంది.

చిక్కంతా లేసుతోనే. అల్లిన నూలు లేసు మిషన్ పాదం కింద సాగుతుంది, ఉతికాక ముడుచుకుని గుడ్డను కూడా లాగేస్తుంది. అందుకని లేసునీ కుర్తీనీ రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే చేతికుట్టు వేశాను. చేతుల అంచులకు చక్కగా కుదిరింది.

గుండ్రటి మెడకి మాత్రం కుదరడం లేదు. ఒకటిన్నర అంగుళాల లేసు లోపలి అంచుకి దారం ఎక్కించి లాగితే కుచ్చులు కనిపిస్తున్నాయి, లాగకపోతే బయటి అంచు పైకి లేస్తోంది. అర అంగుళం లేసు వాడితే సరిపోతుందా, లేక మెడ కొలతిచ్చి గుండ్రంగానే అల్లించాలా?

ఇంకొకటి: మెరూన్ కుర్తీపై తడి తెల్లగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే ఇంకా రంగు అంటుతోంది. దానికి తెల్ల లేసు మానేసి అదే రంగుది వేయమంటారా? చేసి చూసినవారు చెప్పండి.