అద్దె ఇంట్లో చలికి తక్కువ ఖర్చుతో ఏం చేయొచ్చు?

అందరికీ నమస్కారం. చలి ముదిరేలోపు ఇల్లు కాస్త సిద్ధం చేసుకోవాలని చూస్తున్నాం. అద్దె ఇల్లు కాబట్టి కిటికీలు మార్చడం, గోడలకు మేకులు కొట్టడం కుదరవు. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, చలి అస్సలు పడదు.

1500 వాట్ల రూమ్ హీటర్ ఉంది. గంటసేపు ఫుల్‌గా వేస్తే ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. రాత్రంతా వేస్తే బిల్లు చూసి చెమటలు పట్టాల్సిందే (చలి పోవడానికి అదీ ఒక దారే అనుకోండి). అందుకే ముందు గాలి దూరే సందులు మూయాలనుకుంటున్నాను. అగరుబత్తి వెలిగించి అంచుల వెంట పట్టుకుని చూస్తే వీధి తలుపు కింద, ఒక కిటికీ రెక్కల మధ్య పొగ లోపలికి వంగుతోంది. తలుపు కింద పాత తువ్వాలు చుట్టి పెడితే చాలు, కిటికీతోనే చిక్కు. ఫోమ్ టేప్ అంటిస్తే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగు ఊడొస్తుందా? అద్దం మీద నీళ్లు చల్లి బబుల్ వ్రాప్ అంటించొచ్చంటారు, మీలో ఎవరైనా చేశారా? వెనకాల తేమ చేరి బూజు పడుతుందేమోనని నా అనుమానం.

బొగ్గుల కుంపటి పెట్టుకోమని తెలిసినవాళ్లు చెప్పారు. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటే ప్రాణాలకే ముప్పు, కాబట్టి దయచేసి అది మాత్రం చెప్పకండి.

ఇంకొకటి: మందపాటి కర్టెన్లు కొనకుండా, ఉన్నవాటికి లోపలివైపు పాత దుప్పటి కుట్టినా అంతే పనిచేస్తుందా? బరువుకి రాడ్ ఆగుతుందా?