నీట మునిగిన అడవిలో బాతుల వేట: మొదటిసారి వెళ్తున్నాను, సూచనలు కావాలి

ప్రశ్న (అమలాపురం): డిసెంబరులో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఉంటున్న మా బావగారింటికి వెళ్తున్నాను. ఓక్ చెట్ల మధ్య మోకాలి లోతు నీటిలో నిలబడి మల్లార్డ్ బాతులను వేటాడడానికి ఆయన రమ్మంటున్నారు. వరిచేలో దిగడం అలవాటే గాని తుపాకీ పట్టడం కొత్త. ముందుగా ఏమేమి తెలుసుకోవాలి?

జవాబు (రాజోలు): నేను కొన్నేళ్లు అక్కడ ఉన్నాను. బాతులు కొమ్మల సందుల్లోంచి కిందికి చూస్తూ తిరుగుతాయి కాబట్టి, మాను నీడవైపు ఆనుకొని, ముఖం పైకెత్తకుండా నిలబడండి. గాలి లేని రోజున, బాతులను ఆకర్షించడానికి నీటిపై వదిలే బొమ్మ బాతులు కదలక అనుమానం పుట్టిస్తాయి. అప్పుడు కాలితో నీటిని తన్ని అలలు లేపుతారు. అడుగున దుంగలుంటాయి, పాదం ఎత్తకుండా జరుపుతూ నడవండి. నేను మొదటి రోజే బోర్లా పడ్డాను. రబ్బరు ప్యాంటులోకి చేరిన చన్నీళ్లు మధ్యాహ్నం దాకా వణికించాయి.

జవాబు (కాకినాడ): రాష్ట్ర లైసెన్సుతోపాటు, 16 ఏళ్లు నిండినవారికి ఫెడరల్ డక్ స్టాంపు (నీటిపక్షుల వేటకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అనుమతి స్టాంపు) తప్పనిసరి. 1991 నుంచి అక్కడ నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లు నిషిద్ధం. ఎక్కువమంది ఉక్కువి వాడతారు. తుపాకీలో 3 తూటాలకు మించి పట్టకూడదు. ఈ సరదాను ఇక్కడికి మాత్రం తేకండి: కోరింగ మడ అడవులకు వచ్చే అడవి బాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

ప్రశ్న అడిగినవారు: కోరింగకు బైనాక్యులర్లతోనే వెళ్తాను లెండి. రబ్బరు ప్యాంటు బావగారిది సరిపోతుందేమో అడుగుతాను.